ఇంట్లో పెట్టిన ఊరగాయ అమ్ముకోవడానికి ప్రభుత్వ అనుమతి ఎందుకు?

ప్రతి చిన్న విషయంలోనూ ప్రభుత్వం తలదూరుస్తోందని అమెరికాలోని లిబర్టేరియన్లు, అంటే వ్యక్తి స్వేచ్ఛే ముఖ్యమనీ ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలనీ నమ్మేవారు, అంటుంటారు కదా, అది అతిశయోక్తి కాదా, మామూలు మనుషుల జీవితంలో ఆ జోక్యం నిజంగా కనిపిస్తుందా అని మీరు అడిగారు.

కనిపిస్తుంది. చాలాకాలంగా టెక్సాస్‌లో ఉంటున్న మా కుటుంబానికి అది వంటింట్లోనే ఎదురైంది.

మా వదినగారిది గుంటూరు. ఆవిడ పెట్టే నిమ్మకాయ ఊరగాయ, మాగాయ అంటే ఇక్కడి తెలుగువాళ్లకు చాలా ఇష్టం. అడిగినవారందరికీ ఊరికే ఇచ్చే బదులు కొద్దిగా అమ్ముకుంటే బాగుంటుందని అనుకొని, ఆవిడ ముందుగా నిబంధనలు కనుక్కున్నారు. ఇంట్లో వండినవి అమ్ముకోవడానికి టెక్సాస్‌లో 2011లోనే చట్టం వచ్చింది. 2013లో దాన్ని విస్తరించినప్పుడు ఊరగాయలను కూడా చేర్చారు. అయితే రాష్ట్ర ఆరోగ్యశాఖ తన నియమావళిలో, ఊరగాయ అంటే కీరదోసకాయతో పెట్టినది మాత్రమేనని రాసుకుంది. ఇక్కడ మామూలుగా తినే బీట్‌రూట్ ఊరగాయకే చోటు లేనప్పుడు మామిడికాయ, నిమ్మకాయల సంగతి చెప్పనక్కర్లేదు. అప్పట్లో వాటిని అమ్మాలంటే లైసెన్సు తీసుకోవాలి, తనిఖీకి నిలిచే వాణిజ్య వంటశాలను అద్దెకు తీసుకోవాలి. పండుగల ముందు కొన్ని సీసాలు అమ్ముకునే మనిషికి ఆ ఖర్చు ఎన్నటికీ గిట్టదు కాబట్టి ఆవిడ ఆ ఆలోచన మానుకున్నారు.

హెర్న్ అనే చిన్న ఊరి దగ్గర పొలం చేసుకుంటున్న దంపతులు మాత్రం మానుకోలేదు. తాము పండించిన బీట్‌రూట్‌తో ఊరగాయ పెట్టి అమ్ముకోనివ్వని ఆ నియమం మీద వారు 2018లో కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది శాసనసభ చట్టాన్నే సవరించి అన్ని కూరగాయల, పండ్ల ఊరగాయలకూ దారి తెరిచింది. ఇప్పుడు మా వదినగారు అమ్ముతున్నారు. నిమ్మకాయలు ఊరి, కారం కలిపిన తరువాత, జాడీలోంచి కొంచెం తీసి చిన్న మీటరుతో ఆమ్లత చూస్తారు. ఆమ్లత పెరిగేకొద్దీ తగ్గే అంకె అయిన పీహెచ్ విలువ 4.6 దాటకూడదు, నిమ్మకాయ ఊరగాయకు అది ఎప్పుడూ బాగా తక్కువగానే వస్తుంది. ఆ విలువనూ తేదీనీ పుస్తకంలో రాసుకొని, ప్రతి విడతకూ ఒక సంఖ్య ఇచ్చి, ఇది ప్రభుత్వ తనిఖీ లేని ఇంట్లో తయారైందని తెలిపే వాక్యాన్ని సీసా మీద అంటిస్తారు. కొనేవారు అది చదివి కొనాలో వద్దో తేల్చుకుంటారు.

నేను అర్థం చేసుకున్నంతవరకు లిబర్టేరియన్ల అసలు వాదన ఇదే. నియమాలే ఉండకూడదని వారిలో చాలామంది అనరు. ఒక మనిషి తన పని తాను చేసుకోకుండా ఆపాలంటే, దానివల్ల ఇతరులకు కలిగే హాని ఏమిటో ప్రభుత్వమే చూపించాలి తప్ప, తాను నిర్దోషినని ఆ మనిషి ముందుగా నిరూపించుకోనక్కర్లేదని వారు అంటారు. కీరదోసకు ఉన్న భద్రత బీట్‌రూట్‌కు ఎందుకు లేదో ఆ పాత నియమం ఎక్కడా వివరించలేదు.

ఇదొక్కటే అయితే పొరపాటున జరిగిందని సరిపెట్టుకోవచ్చు. కానీ దారంతో కనుబొమలు తీర్చే పనికి కూడా ఇదే రాష్ట్రం 750 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది; అందులో సుమారు 320 గంటలకు ఆ పనితో సంబంధమే లేదని కోర్టులో ప్రభుత్వ పక్షమే ఒప్పుకుంది. ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ అనే లిబర్టేరియన్ న్యాయసంస్థ నడిపిన ఆ కేసులో, 2015లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. అదే ఏడాది, లిబర్టేరియన్ అని ఎవరూ అనని ఒబామా ప్రభుత్వం విడుదల చేసిన నివేదిక, దేశంలో నాలుగో వంతుకు పైగా ఉద్యోగులకు ఏదో ఒక లైసెన్సు అవసరమవుతోందనీ, 1950ల తరువాతే ఇది ఇంతగా పెరిగిందనీ చెప్పింది. మనవాళ్లకు ఈ వాదన కొత్తది కాదు. పర్మిట్, లైసెన్సుల రాజ్యానికి ఎదురుగా 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీని నిలబెట్టినప్పుడు దానికి అధ్యక్షులైన ఆచార్య రంగాగారు గుంటూరు జిల్లావారే.

అయినా నేను లిబర్టేరియన్లతో చివరిదాకా వెళ్లను. వైద్యవృత్తికి కూడా లైసెన్సు అక్కర్లేదని 1962లోనే ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించారు. పేరు పోతుందన్న భయమే అందరినీ సరిగా నడిపిస్తుందని అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆమ్లత చాలని ఊరగాయలో బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధిని తెచ్చే విషం పుట్టే ప్రమాదం ఉంది. అది ఉందో లేదో రంగును బట్టి, వాసనను బట్టి కొనేవారు ఎప్పుడూ పసిగట్టలేరు. చెడ్డపేరు వచ్చేలోపు ఒక కుటుంబం ఆసుపత్రి పాలవుతుంది. అందువల్ల ఆ మీటరు పరీక్షలాంటి జాగ్రత్తను తప్పనిసరి చేయడం నాకు చొరబాటుగా అనిపించదు. ఏ కాయతో ఊరగాయ పెట్టాలో అధికారి నిర్ణయించడం మాత్రం ముమ్మాటికీ చొరబాటే.