సగం కట్టిన బండి

బుజ్జీ,

నిన్న మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "వాడు కారు కొంటాడట అన్నయ్యా, అదీ ముక్కలుగా! అంతా నీ పోలికే" అంది. తిట్టిందో మెచ్చుకుందో తెలియలేదు. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

ముక్కలుగా కొని ఇంట్లో బిగించుకునే కిట్ కార్లలో కోబ్రా స్పోర్ట్స్ కారు నకలా (రెప్లికానా), లోటస్ సెవెనా అని ఊగుతున్నావట. కోబ్రా అందం నేను కాదనను. 1962లో అమెరికా రేసర్ షెల్బీ ఇక్కడి, అంటే ఇంగ్లండు ఏసీ కంపెనీ బండిలో ఫోర్డ్ వీ8 ఇంజను పెట్టిన దగ్గర్నుంచి అందరికీ దాని మీదే కన్ను. కానీ పక్కనుంచి పోయే సైలెన్సర్ గొట్టానికి దిగేటప్పుడు పిక్క ఆనిందా, బొబ్బే. నీ చిన్న గ్యారేజీకి సెవెనే నయం. 1957లో లోటస్ కంపెనీ పెట్టిన చాప్‌మన్ తెచ్చిన డిజైన్ అది. కిట్‌గా కొంటే అప్పట్లో పన్ను తప్పేది. 1973 నుంచి కేటర్‌హామ్ వాళ్లు చేస్తున్నారు. కూర్చుని చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు, నీ పదకొండో నంబరు బూటు ఒకేసారి రెండు పెడళ్లు తొక్కుతుంది. ప్రతి రసీదూ దాచు, ఐవీఏ పరీక్షకీ (ఇలాంటి బండి రోడ్డెక్కే ముందు చేసే సర్కారు తనిఖీ) రిజిస్ట్రేషన్‌కీ కావాలి.

ఇక ఎవరో సగం కట్టిన బండి చౌకగా ఇస్తానన్నాడట. ఆ మాట విన్నాకే నాకు నిద్ర ఎగిరిపోయింది.

1997లో నేనూ అలాగే కొన్నాను. పాప పుట్టింది, టైము లేదు అన్నాడు అమ్మినాయన. ఎర్ర ఛాసిస్, తళతళలాడుతోంది. ముందు ఎడమ చక్రం దగ్గర కందిగింజంత మేర రంగు ఉబ్బి ఉంది. తుప్పేమో అనుకుని గరుకు కాగితంతో రుద్ది రంగు వేశాను. రెండు వారాలకి మళ్లీ ఉబ్బింది. మళ్లీ వేశాను. ఇంట్లో కట్టిన బళ్లకి 1998లో ఎస్‌వీఏ పరీక్ష (ఇప్పటి ఐవీఏకి ముందుది) వస్తుందని, ఆలోపే రిజిస్టర్ చేయించాలని నా తొందర. బ్రేక్ ఆయిల్ పడితే రంగు లేస్తుందని నాకు తెలియక కాదురా. తెలిసీ పైకి చూడలేదు. సరిగ్గా పైన, ఆయన బిగించిన బ్రేక్ పైపు నట్టు కింద చెమ్మ.

మొదటిసారి బయటికి తీస్తూ మీ అత్తయ్యని కూర్చోబెట్టుకున్నాను, ఒళ్లో కాఫీ ఫ్లాస్కు. మా ఇంటి ముందు వాలు నీకు తెలుసుగా. పెడల్ ముందు గట్టిగానే ఉంది, తర్వాత మెల్లగా కిందికి దిగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగితే ముందు చక్రాలు రోడ్డు మీదికి వచ్చాక ఆగింది. అత్తయ్య ఒక్క మాట అనలేదు. ఫ్లాస్కు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ బండి పదకొండేళ్లు నడిపాను. ఆవిడ మళ్లీ ఎక్కలేదు.

నీకు నాకంటే తొందర ఎక్కువ, వెధవా. సగం బండే కొంటానంటే బ్రేక్ పైపులన్నీ పీకి కొత్తవి వెయ్యి. ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోవాలి, నువ్వు ప్రతి జాయింటుకీ పొడి టిష్యూ చుట్టి చూడాలి. తొక్కడానికి నేనున్నాను.

శనివారం టార్చి పట్టుకుని వస్తున్నా, అప్పటిదాకా డబ్బు ఇవ్వకు. అత్తయ్య కూడా వస్తుందట, కారు చూడ్డానికి కాదట, నీకు గోంగూర పచ్చడి ఇవ్వడానికట.

మామయ్య