ఇంగ్లండులో పోలీసుల మీద అజమాయిషీ ఎవరిది?

ఇంగ్లండుకు వచ్చి ఏడాది కూడా నిండని ఒక అమ్మాయి పోయిన నెల నాకు ఫోను చేసింది. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లిన వేళ వెనక తలుపు పగలగొట్టి దొంగలు ఇంట్లో పడ్డారు. పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన నగలు పోయాయి. పోలీసులు ఫోనులోనే వివరాలు రాసుకుని ఒక నేర సంఖ్య ఇచ్చారు. ఆధారాలేవీ దొరకలేదు కాబట్టి కేసు మూసేస్తున్నామని పది రోజులకు ఈమెయిలు వచ్చింది. ఈలోగా ఇంటికి ఒక్కరూ రాలేదు. “బాబాయ్, గట్టిగా అడిగితే మా వీసాకు ఏమైనా ఇబ్బందా? మనకు తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడిగింది.

ఇరవై ఏళ్ల కిందట నేనూ ఈ రెండు ప్రశ్నలే అడిగాను. జవాబు చెప్పేవాళ్లు లేక చాలా ఏళ్లు భయంతోనే గడిపాను. అందుకే కొత్తగా వచ్చినవాళ్లందరి కోసం ఇది వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. ఇబ్బంది లేదు. వీసా దరఖాస్తులో మీకు పడిన శిక్షల గురించి, పోలీసులు మీకు లాంఛనంగా ఇచ్చిన హెచ్చరికల గురించి అడుగుతారు. మీరు పోలీసుల పనితీరు మీద చేసిన ఫిర్యాదు ఆ లెక్కలోకి రాదు. ఫిర్యాదు చేయడం చట్టం ఇచ్చిన హక్కు. దానికి పౌరసత్వంతో పని లేదు.

రెండో ప్రశ్నకు జవాబు పెద్దది. తెలిసిన పెద్దవాళ్లు అక్కర్లేదు, ఎందుకంటే ఆ పెద్ద మనిషిని ఎన్నుకునే ఓటు మీ చేతిలోనే ఉంది.

ముందు హోదాల పేర్ల దగ్గరే మనవాళ్లు తికమక పడతారు. కానిస్టేబుల్ అంటే మనకు కింది మెట్టు. ఇక్కడా కింది మెట్టే, కానీ మొత్తం దళానికి అధిపతి పేరు చీఫ్ కానిస్టేబుల్. పోలీసు కమిషనర్ అంటే మనకు నగరాన్ని చూసుకునే ఐపీఎస్ అధికారి గుర్తొస్తారు. ఇక్కడి పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్ అసలు యూనిఫాం వేసుకునే మనిషి కారు, ఓట్లతో గెలిచిన ప్రజాప్రతినిధి. లండన్ మళ్లీ వేరు. అక్కడ మెట్రోపాలిటన్ పోలీసు అధిపతినే కమిషనర్ అంటారు, ఆ దళాన్ని పర్యవేక్షించేది మేయర్ కార్యాలయం. గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ యార్క్‌షైర్ లాంటి చోట్ల కూడా ఆ బాధ్యత మేయర్‌దే. స్కాట్లండు, ఉత్తర ఐర్లండులలో పద్ధతి పూర్తిగా వేరు కాబట్టి ఇక్కడ చెప్పేది ఇంగ్లండు, వేల్స్ వరకే అనుకోండి.

ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రాంతాలవారీగా 43 పోలీసు దళాలు ఉన్నాయి. 2012కు ముందు వాటిని పోలీసు అథారిటీలనే సంఘాలు పర్యవేక్షించేవి. వాటిలో ఎవరున్నారో సామాన్యులకు తెలిసేది కాదు. 2011లో చేసిన చట్టంతో వాటి స్థానంలో ఎన్నికైన కమిషనర్లు వచ్చారు. చీఫ్ కానిస్టేబుల్‌ను నియమించేది, అవసరమైతే తొలగించేది, బడ్జెట్ నిర్ణయించేది, ఏ నేరాల మీద ఎక్కువ దృష్టి పెట్టాలో ప్రణాళిక రాసేది కమిషనరే. నేరాల బాధితులకు అండగా ఉండే సేవలకు డబ్బు ఇచ్చేదీ ఆ కార్యాలయమే. అయితే ఫలానావాణ్ని అరెస్టు చేయండి, ఫలానా కేసు వదిలేయండి అని చెప్పే అధికారం కమిషనర్‌కు లేదు. ఆ గీత దాటకూడదని చట్టమే చెప్పింది. మన దగ్గర స్టేషనుకు ఫోను చేయించే అలవాటున్నవాళ్లు ఈ తేడాను బాగా మనసులో పెట్టుకోవాలి. ఇక్కడ సిఫారసు పనిచేయదు, పనితీరు మీద ప్రశ్న పనిచేస్తుంది.

ఇక నేను అందరికీ మళ్లీ మళ్లీ చెప్పే మాట. భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివసిస్తూ 18 ఏళ్లు నిండినవారికి ఓటు హక్కు ఉంది. బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చేదాకా ఆగనక్కర లేదు. చదువుకోవడానికి వచ్చినవాళ్లకూ ఉంది. స్థానిక పాలక సంస్థ అయిన కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటుకూ వేయవచ్చు. నాకు ఈ సంగతి తెలిసేసరికి ఆరేళ్లు గడిచిపోయాయి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (పన్నులు, సామాజిక బీమా కోసం ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) దగ్గర పెట్టుకుంటే పేరు నమోదుకు పది నిమిషాలు చాలు. పోలింగు రోజు మీ భారత పాస్‌పోర్టునే గుర్తింపుగా చూపించవచ్చు. ఓటర్ల జాబితాలో పేరుంటే మీ చిరునామా రుజువవుతుంది, బ్యాంకు అప్పులకు దరఖాస్తు చేసినప్పుడు అదీ కలిసి వస్తుంది. 2012 నవంబరులో జరిగిన మొదటి కమిషనర్ల ఎన్నికల్లో ఓటు వేసినవాళ్లు సుమారు 15 శాతమే. అంత తక్కువ మంది వేసేచోట ఒక వీధిలోని పది కుటుంబాల ఓటుకు ఎంత బరువుంటుందో ఆలోచించండి.

ఈ కమిషనర్ల పదవి ఎల్లకాలం ఉండబోదు. 2028 మేలో ఇప్పటివాళ్ల పదవీకాలం ముగియగానే దీన్ని రద్దు చేస్తామని, ఆ పనిని మేయర్లకు, మేయర్లు లేని చోట కౌన్సిల్ నాయకులతో ఏర్పడే బోర్డులకు అప్పగిస్తామని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రకటించింది. దాంతో మీ ఓటు విలువ తగ్గదు. మేయర్‌నూ కౌన్సిలర్లనూ ఎన్నుకునేది మీరే.

కౌన్సిల్ టాక్స్ (ఇంటి మీద కౌన్సిల్ వేసే పన్ను) బిల్లు వచ్చినప్పుడు మొత్తం అంకె చూసి పక్కన పడేయకండి. అందులో పోలీసులకు ఒక వరుస, చాలా ప్రాంతాల్లో అగ్నిమాపక దళానికి మరో వరుస విడిగా ఉంటాయి. ఆ సొమ్మును పెంచాలని కమిషనర్ ప్రతిపాదిస్తే, స్థానిక కౌన్సిలర్లు, కొందరు స్వతంత్ర సభ్యులు ఉండే పోలీస్ అండ్ క్రైమ్ ప్యానెల్ దాన్ని పరిశీలిస్తుంది. మూడింట రెండు వంతుల మంది కాదంటే ఆ ప్రతిపాదన ఆగిపోతుంది. ఆ సమావేశం ఏటా జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో జరుగుతుంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ప్రజల కుర్చీల్లో నాతో కలిపి నలుగురం ఉన్నాం. ముందే రాసి పంపిన నా ప్రశ్న చదివారు. దక్షిణాసియా కుటుంబాల ఇళ్లలో బంగారం కోసం దొంగతనాలు జరుగుతున్నాయి, దీపావళికి ముందు మా పేటల్లో ఏం చేస్తున్నారు అన్నది ప్రశ్న. ఆ రోజు వచ్చిన జవాబు పొడిపొడిగా ఉంది. కానీ అది రికార్డులోకి ఎక్కింది. మరుసటి దీపావళికి మా పేట పోలీసు బృందం మా సంఘం పండుగకు వచ్చింది. నగల ఫొటోలు ఎలా తీసి పెట్టుకోవాలో, తలుపుల గొళ్లేలు ఏవి మంచివో రెండు గంటలు ఓపికగా చెప్పింది. మన సంఘాలు వేదిక మీదికి ఎందరినో పిలిచి శాలువా కప్పుతాయి. పేట సార్జెంటును పిలిచి ఒక పూట మాట్లాడించడం అంతకన్నా అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. పోలీసుల జాతీయ వెబ్‌సైటులో పోస్టుకోడు కొడితే మీ పేట బృందం ఎవరో, మీ వీధి చుట్టుపక్కల ఏ నేరాలు నమోదయ్యాయో కనిపిస్తాయి.

ఫిర్యాదు సంగతికి వద్దాం. మొదట సంబంధిత దళానికే రాయాలి. ప్రతి దళంలోనూ వృత్తి ప్రమాణాలు చూసే విభాగం ఉంటుంది. జవాబు తృప్తిగా లేకపోతే 28 రోజుల్లోగా పునఃపరిశీలన కోరవచ్చు. అది కమిషనర్ కార్యాలయానికి వెళ్లాలా, 2018లో ఏర్పడిన, పోలీసుల మీద ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ ఇండిపెండెంట్ ఆఫీస్ ఫర్ పోలీస్ కాండక్ట్‌కు వెళ్లాలా అన్నది వాళ్ల జవాబు ఉత్తరంలోనే ఉంటుంది. ఆ తేదీ దాటనివ్వకండి. రాసేటప్పుడు కోపం కన్నా తేదీలు, వేళలు, నేర సంఖ్య, మాట్లాడిన అధికారి పేరు ముఖ్యం.

ఆ అమ్మాయి చేత నేను రాయించిన ఉత్తరంలో ఒక వాక్యం బాగా పనిచేసింది. ఇళ్లలో దొంగతనం జరిగిన ప్రతిచోటికీ అధికారులను పంపుతామని ఇంగ్లండు, వేల్స్ పోలీసు అధిపతులందరూ 2022 అక్టోబరులో మాట ఇచ్చారు. “ఆ మాట నా విషయంలో ఎందుకు నిలబడలేదో చెప్పండి” అని మర్యాదగా అడిగింది. ఒక ప్రతిని కమిషనర్ కార్యాలయానికి పంపింది.

అగ్నిమాపక దళం గురించి మనవాళ్లు ఎవరూ అడగరు. ఇంగ్లండులో ఎక్కువచోట్ల దాన్ని కౌన్సిలర్లతో కూడిన ఫైర్ అథారిటీ చూసుకుంటుంది. 2017 నాటి చట్టం కమిషనర్లే ఆ బాధ్యతా తీసుకునే వీలు కల్పించింది, ఎసెక్స్ మొదట ఆ దారి పట్టింది. అగ్నిమాపక సేవ మీద ఫిర్యాదు మొదట ఆ సేవకే, తృప్తి లేకపోతే స్థానిక సంస్థల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి అయిన లోకల్ గవర్నమెంట్ అంబుడ్స్‌మన్‌కు వెళ్తుంది. పోలీసు దళాలనూ అగ్నిమాపక సేవలనూ ఒకే తనిఖీ సంస్థ పరిశీలించి, నివేదికలు బహిరంగంగా పెడుతుంది. మీ ప్రాంతం నివేదిక ఒక్కసారైనా చదవండి.

2017 జూన్ 14 తెల్లవారుజామున లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది చనిపోయారు. అక్కడి నివాసితులు అగ్ని భద్రత గురించి ముందే రాసి హెచ్చరించారు, పట్టించుకున్నవారు లేరు. ఆ రాత్రి ఫ్లాట్లలోనే ఉండండి అని అగ్నిమాపక దళం ఇచ్చిన సలహాను 2 గంటల 47 నిమిషాలకు గానీ మార్చలేదు. గంట ముందే మార్చాల్సిందని విచారణ నివేదిక 2019లో తేల్చింది. చనిపోయినవాళ్ల పేర్లలో ఎన్నో వలస కుటుంబాలవి. అది తలుచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

అందుకే అద్దె ఫ్లాటులో దిగగానే అడగండి. ఇంగ్లండులో 2023 జనవరి నుంచి, ఉమ్మడి మెట్లు, నడవాలు ఉన్న భవనాల బాధ్యులు మంటలొస్తే ఏం చేయాలో నివాసితులకు చెప్పి తీరాలి. అద్దె ఇంట్లో ప్రతి అంతస్తుకూ పొగ అలారం పెట్టించే బాధ్యత యజమానిదే. పోపు పొగకు మోగుతోందని బ్యాటరీ తీసేసిన ఇళ్లు నేను చాలా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. వంటింట్లో పొగకు కాక వేడికి మోగే అలారం పెట్టమని యజమానికి రాయండి. చిన్నపిల్లలో వృద్ధులో ఉంటే, అగ్నిమాపక సేవ వెబ్‌సైటులో ఇంటి భద్రత సందర్శన కోరండి. ఉచితంగా వచ్చి చూస్తారు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇద్దరు వచ్చి, దేవుడి దీపం కిటికీ తెరకు ఎంత దూరంలో ఉండాలో ఆమెకు సైగలతో చూపించి వెళ్లారు.

ఇక ఆ అమ్మాయి నగలు ఇంకా దొరకలేదు. ఉత్తరం అందిన వారానికి ఒక సార్జెంటు ఇంటికి వచ్చి, ఆలస్యానికి క్షమాపణ చెప్పి, వెనక సందులోని ఇళ్లన్నీ తిరిగాడు. మూడు ఇళ్ల తలుపుల దగ్గర కెమెరాలు ఉన్నాయి. రెండింటిలో పాత వీడియో చెరిగిపోయింది. మూడోదాంట్లో ఒక తెల్ల వ్యాను, దాని నంబరులో సగం కనిపించాయి. కేసు మళ్లీ తెరిచారు. మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే, పోలీసుల కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా అదే సాయంత్రం ఇరుగుపొరుగు తలుపులు తట్టి, ఆ రోజు వీడియో చెరిపేయవద్దని అడగండి.