కవితలు వచ్చు, ట్యూన్‌కి రాయడమే రావడం లేదు

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. స్కూల్ రోజుల నుంచి కవితలు రాస్తున్నాను. సినిమా పాటలు రాయాలని కోరిక. షార్ట్‌ఫిల్మ్ తీస్తున్న స్నేహితులు ట్యూన్ ఇచ్చి రాయమంటే ఒక్క లైనూ కూర్చోలేదు. నాకు సంగీతం రాదు. చదువు ఆపేసి హైదరాబాద్ వెళ్లిపోనా? ఏదైనా కోర్సు చేయాలా?
- ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: డిగ్రీ మాత్రం పూర్తి చేయండి. వేటూరి పత్రికల్లో పనిచేసి సినిమాల్లోకి వచ్చారు. సినారె యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే పాటలు రాశారు. సుద్దాల అశోక్ తేజ బడిపంతులు, చంద్రబోస్ ఇంజినీరింగ్ చదివినవారు. పాటకీ పాటకీ మధ్య ఎన్ని నెలలు ఖాళీగా గడుస్తాయో చెప్పలేం, ఇంటి అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

ఇక ట్యూన్ సంగతి. మీకు భాష ఉంది, లెక్క అలవాటు కాలేదు, అంతే. మన సినిమాల్లో ఎక్కువగా ట్యూనే ముందు వస్తుంది. సంగీత దర్శకుడు ‘తాన తాన తాన తాన’ అని రెండుసార్లు పాడి పంపాడనుకోండి. స్కూల్లో చదివిన గురులఘువులు గుర్తు చేసుకోండి: గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. ఒక్కో ‘తాన’కి మూడు మాత్రలు. దానికి ‘వాన నీట కాగితాల, పడవలాగ తేలినాను’ అని రాస్తే హాయిగా కూర్చుంటుంది. ‘వాన’ తీసేసి ‘వర్షం’ పెట్టి పాడండి, వెంటనే తడబడుతుంది. ఒత్తు ముందున్న ‘వ’కి రెండు, సున్నా ఉన్న ‘ర్షం’కి రెండు, మొత్తం నాలుగైపోయాయి. అర్థం అదే అయినా ఆ చోటు దానిది కాదు. ‘కాగితాల’ అనే మాట రెండు ‘తాన’ల మీద పరుచుకున్నా ఇబ్బంది లేదు. కానీ గాయని ఊపిరి తీసుకునే చోట మాట విరిగితే వినేవాళ్లకి వేరే అర్థం తోస్తుంది. పైస్థాయిలో సాగదీసే స్వరం దగ్గర ‘ఆ’, ‘ఏ’, ‘ఓ’ వచ్చే మాట వేయండి, పాడేవాళ్ల నోరు తెరుచుకుంటుంది.

సాధనకి మీకు బాగా తెలిసిన పాట కరోకే ట్రాక్ తీసుకుని, అసలు సాహిత్యం పక్కనపెట్టి, వేరే సందర్భానికి కొత్త పల్లవి రాయండి. ఒక్కటి కాదు, మూడు రాయండి. దర్శకులు ఎలాగూ ‘ఇంకో వెర్షన్ ఉందా’ అనే అడుగుతారు. రాసింది ఫోన్‌లో పాడి రికార్డ్ చేయండి, గొంతు ఎలా ఉన్నా సరే. ఆ తర్వాత చరణం జోలికి వెళ్లండి. కవితైతే అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి చదువుకుంటారు. పాటకి ఆ వీలు లేదు, పల్లవి మొదటిసారికే అందాలి.

‘లిరిక్ రైటింగ్ కోర్సు’ల కోసం వేలు పోయకండి. మీ తెలుగు లెక్చరర్ దగ్గర మాత్రాఛందస్సు నేర్చుకోండి, తాళం వేయడం దగ్గర్లోని సంగీతం టీచర్ చూపిస్తారు. అంతకు మించి సంగీతం కావాలనిపిస్తే హైదరాబాద్, విజయవాడ, విజయనగరంలో ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నాయి. తెలుగు ఎంఏ చేస్తే రేపు అధ్యాపక ఉద్యోగానికీ పనికొస్తుంది.

అవకాశాలు సినిమా ఆఫీసుల దగ్గరే ఉంటాయని అనుకోకండి. యూట్యూబ్ ఫోక్ సాంగ్స్, బతుకమ్మ పాటలు, భక్తి ఆల్బమ్‌లు, ఎన్నికల ప్రచార పాటలు... వీటికి రాసేవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఎన్నికల పాటని చిన్నచూపు చూడకండి, రాత్రికి రాత్రి రాసివ్వడం నేర్పేది అదే.

ఊరికే రాసిచ్చినా సరే పేరు ఎలా వేస్తారో, డబ్బుకైతే ఎంత ఇస్తారో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. 2012 కాపీరైట్ సవరణ తర్వాత, సినిమా పాటని థియేటర్ బయట వాడినప్పుడు వచ్చే రాయల్టీలో రచయిత వాటాని నిర్మాత రాయించేసుకున్నా చెల్లదు. పాటలు విడుదలయ్యాక ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోండి, ఆ డబ్బు వసూలు చేసి పంచేది ఆ సంస్థే. ‘పాట ఇప్పిస్తాం, ముందు కొంత కట్టండి’ అనేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. వాళ్లకి పైసా ఇవ్వకండి, ట్యూన్ కూడా వినకండి.