పై ఫ్లాట్ బుడ్డోడిని చూసుకోబోయే మనవరాలికి

చిన్నీ,

పదో తరగతి పరీక్షలైపోయాయి కదా, పై ఫ్లాట్ అక్క ఆఫీసుకెళ్ళే పూట వాళ్ళ రెండేళ్ళ బుడ్డోడిని చూస్తానని ఒప్పుకున్నావట. మంచిదే. కానీ ఏఎన్ఎం నర్సుగా చేసిన అమ్మమ్మని, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

మొహమాటపడకుండా ముందే అన్నీ అడుగు. వాడికి ఏది పడదు, ఎన్నింటికి పడుకుంటాడు, మందులేమైనా ఉన్నాయా, అక్క ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చెయ్యాలి? కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించు. అందులోనే అపార్ట్‌మెంట్ పేరు, ఫ్లాట్ నంబరు, దగ్గర్లో గుడో బడో రాసుకో. 108కి చేస్తే అడ్రస్ చెప్పాలి. కంగారులో మనింటిదే గుర్తురాదు, ఇక పై వాళ్ళది ఏం గుర్తొస్తుంది!

తర్వాత ఒక్కసారి నేల మీద చతికిలబడి ఇల్లంతా చూడు. మంచం కిందికి దొర్లిన పల్లీ గింజ, బొమ్మలోంచి ఊడిన బటన్ బ్యాటరీ, ప్లగ్గుకున్న దోమల మందు... అన్నీ వాడి చేతికి అందేవే. అన్నిటికంటే నాకు భయం బాత్రూంలో నీళ్ళ బకెట్. ఈ వయసు పిల్లలకి తల బరువు ఎక్కువ. తొంగిచూస్తూ తలకిందులుగా పడితే పైకి లేవలేరు, చప్పుడు కూడా వినిపించదు. బకెట్ బోర్లించి, తలుపుకి బయట గడియ పెట్టు. బాల్కనీలో స్టూలుంటే లోపలికి లాగెయ్. మెయిన్ డోర్ దానంతటదే లాక్ పడే రకమైతే తాళంచెవి నీ జేబులోనే ఉండాలి.

పల్లీలు, వేయించిన శనగలు, పాప్‌కార్న్ పెట్టకు. ద్రాక్షపండు నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యి. పరిగెత్తేవాడి వెనకపడి నోట్లో ముద్దలు కుక్కొద్దు, కూర్చోబెట్టి పెట్టు. పొలమారి దగ్గుతుంటే దగ్గనివ్వు. దగ్గలేక, ఏడవలేక గిలగిల్లాడితేనే ముందుకు వంచి, వీపు మీద రెండు భుజాల రెక్కల మధ్య అరచేతి మణికట్టు వైపుతో గట్టిగా ఐదు దెబ్బలు వెయ్యి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కు. అడ్డు పోయేదాకా ఇవే మార్చి మార్చి చెయ్యి, పక్కవాళ్ళని కేకేసి 108కి చేయించు. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. ఏడాది లోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు, ఆ పద్ధతి వేరు. ఇదంతా చదివితే వచ్చేది కాదు. ఆదివారం రా, బొమ్మ మీద చేయించి చూపిస్తా.

వేడిది తగిలి చర్మం కాలితే, కాలిన చోటుని కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు ఉంచు. పక్కింటావిడ ఎంత చెప్పినా పేస్టూ ఇంకూ పుయ్యకు.

ఎంతకీ ఏడుపు ఆపకపోతే విసుగొస్తుంది, అది సహజం. కానీ పట్టుకుని గట్టిగా ఊపొద్దు, మెదడుకి దెబ్బ తగులుతుంది. కింద కూర్చోబెట్టి, కనపడేంత దూరంలో నిలబడి అక్కకి ఫోన్ చెయ్యి. పదిసార్లు చేసినా ఏమీ అనుకోదు. రీల్స్ మాత్రం వాడు పడుకున్నాక కూడా వద్దు.

బాబాయినంటూ ఎవరొచ్చినా అక్కని అడగందే తలుపు తియ్యకు. ఆ ఇంట్లో ఎవరి చూపైనా మాటైనా నీకు నచ్చకపోతే మీ అమ్మకి ఫోన్ చెయ్యి, వెంటనే వస్తుంది. ఎందుకని ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

అన్నట్టు, అక్క డబ్బులిస్తే తీసుకో. పక్కవాళ్ళ దగ్గర డబ్బులేంటని మీ అమ్మ అంటుంది. దానితో నేను మాట్లాడతాలే.

మీ అమ్మమ్మ