రోజూ తలనొప్పి, ఒళ్ళునొప్పులు, నీరసం: స్కాన్ నార్మల్ అంటే ఏమీ లేదనా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. ముప్పై దాటిన వయసు, చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం. దాదాపు ఏడాదిగా రోజు విడిచి రోజు తలనొప్పి, పొద్దున లేచేసరికే ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు, సాయంత్రానికి కూర్చునే ఓపిక కూడా ఉండదు. ఎమ్ఆర్ఐ నార్మల్. ఇంట్లోవాళ్ళేమో “అంతా టెన్షన్, పెళ్ళయితే అదే సర్దుకుంటుంది” అంటున్నారు. ఇంకో స్కాన్ తీయించాలా, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా అని మీ ప్రశ్న.

నేను డాక్టర్‌ని కాదు. చెన్నైలో పుట్టి పెరిగినదాన్ని, కాపురం మైలాపూర్‌లో, పని అకౌంట్స్‌లో. చదువుకునే రోజుల నుంచీ మైగ్రేన్ ఉంది. ఒక దశలో అది నెలలో సగం రోజుల పైనే వచ్చేది. అందుకే మీ ప్రశ్న చివర్లో మీరు తేలిగ్గా అనేసిన మాట దగ్గర ఆగాను: “ఆఫీసుకు బయల్దేరే ముందు ఒక బిళ్ళ వేసుకుంటే రోజు గడిచిపోతోంది.” స్కాన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ బిళ్ళ సంగతి చూడండి.

తలనొప్పి స్వభావం ఉన్నవాళ్ళు నొప్పి బిళ్ళలు మరీ తరచుగా వేసుకుంటే, ఆ బిళ్ళలే తలనొప్పిని నిలబెడతాయి. న్యూరాలజిస్టులు దీనికి ఒక లెక్క పెట్టుకున్నారు. ఉత్త పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివైతే నెలకు 15 రోజులు, కెఫీన్ వగైరా కలిపిన బిళ్ళలు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే మందులు), ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి నొప్పి మందులైతే నెలకు 10 రోజులు. మూడు నెలలకు పైగా ఈ గీత దాటుతుంటే అనుమానించాల్సిందే. ఇక్కడ చూసేది ఎన్ని బిళ్ళలు మింగారని కాదు, ఎన్ని రోజులు మింగారని. రోజూ అర బిళ్ళే కదా అనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. మెడికల్ షాపులో “తలనొప్పికి ఏదన్నా ఇవ్వండి” అంటే చేతిలో పెట్టే స్ట్రిప్పుల్లో చాలావాటిలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదవండి. బామ్ రాసుకోవడం ఈ లెక్కలోకి రాదు, నిశ్చింతగా రాసుకోండి.

నా విషయంలో డాక్టరమ్మ మొదట అడిగింది స్కాన్ కాదు, డైరీ. ఇంట్లో డైరీ రాసే అలవాటు ఎవరికీ లేదు గనక వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్ తీసుకున్నాను. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం పోగా ప్రతి గడిలో మూల కాస్త ఖాళీ మిగులుతుంది. తలనొప్పి వస్తే అక్కడ ఒక గీత, వాంతి వచ్చేలా ఉండి వెలుతురు చూడలేకపోతే రెండు గీతలు, బిళ్ళ వేసుకుంటే చుట్టూ సున్నా. నెలసరి రోజులకు చుక్క. మా అత్తగారు రెండు వారాలు చూసి, “ఈ కొత్త వర్జ్యాలేంటమ్మా?” అన్నారు. మూడో నెలకల్లా ఆ కాగితం మీద గీతల కంటే సున్నాలే ముందు కంటికి కనిపించాయి. డాక్టరమ్మ కూడా వాటినే వేలితో లెక్కపెట్టింది.

ఆ బిళ్ళలు ఆపడం గురించి దాచకుండా చెబుతాను. మొదటి వారం పది రోజులు నరకం. నొప్పి పెరుగుతుంది, నిద్ర పట్టదు, చికాకు. అది ముందే తెలిస్తే తట్టుకోవచ్చు. తెలియకపోతే “బిళ్ళ లేకపోతే నేను బతకలేను” అనే నమ్మకం బలపడిపోతుంది. మామూలు నొప్పి బిళ్ళలైతే సాధారణంగా ఒకేసారి ఆపమంటారు. ట్రమడాల్, కోడీన్ లాంటివి ఉంటే మాత్రం సొంతంగా ఆపకూడదు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఆ సమయంలోనే నాకు నివారణ మందు, అంటే తలనొప్పి రాకుండా రోజూ వేసుకునేది, మొదలుపెట్టారు: అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, రాత్రి పూట. చీటీ చూసి మా ఆయన గూగుల్ చేసి “ఇది డిప్రెషన్ మందు కదా” అని కంగారుపడ్డారు. డిప్రెషన్‌కి వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంత తక్కువలో అది నొప్పి మార్గాలను శాంతపరచడానికి, నిద్రకు పనికొస్తుంది. నోరెండిపోతుంది, పొద్దున కాస్త మత్తుగా ఉంటుంది. ఫలితం తెలియాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. పది రోజులకే “పని చేయట్లేదు” అని మానేసేవాళ్ళే ఎక్కువ. అందరికీ ఇదే ఇవ్వరు. ప్రొప్రానొలాల్, టోపిరమేట్ లాంటివీ ఉన్నాయి. పెళ్ళి మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి: టోపిరమేట్, అలాంటిదే ఇంకో నివారణ మందు వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకు మంచివి కావు. ఏ మందు రాస్తున్నా పిల్లల ఆలోచన ఉందో లేదో డాక్టర్‌కి చెప్పండి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

కాఫీ సంగతి కూడా ఇక్కడే. ఈ ఊళ్ళో ఫిల్టర్ కాఫీ మానమని ఎవరినీ అనలేం, నేనూ మానలేదు. కానీ రోజూ ఆరింటికి తాగేవాళ్ళు ఆదివారం తొమ్మిదిన్నరకు లేస్తే ఆ రోజు తల పగిలిపోవడంలో వింతేం లేదు. ఆలస్యమైన కాఫీ, ఆలస్యమైన టిఫిన్, ఎక్కువైన నిద్ర, మూడూ ఒకేసారి. రెండు కప్పులు, ఒకే వేళకు, మధ్యాహ్నం తర్వాత వద్దు. ఏకాదశి ఉపవాసాలు, అగ్ని నక్షత్రం (ఎండలు మండే నడివేసవి) రోజుల్లో నీళ్ళు తాగకుండా తిరగడం కూడా మైగ్రేన్ ఉన్నవాళ్ళకు పడవు.

ఇక ఒళ్ళునొప్పులు, నీరసం. వీటిని తలనొప్పి ఖాతాలోనే వేసేయకండి, వేరే కారణాలు దొరకొచ్చు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డి, షుగర్ ఒకసారి చూపించుకోవాలి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు, నాది అదే. శాకాహారులకు బీ12 తగ్గడం మామూలే. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి వారానికి ఒకటి చొప్పున రాస్తారు. దాన్ని రోజూ వేసుకుని, లేదా చెప్పిన గడువు దాటి నెలల తరబడి సాగదీసి రక్తంలో కాల్షియం పెంచుకున్నవాళ్ళు ఉన్నారు, జాగ్రత్త. ఈమధ్య చికున్‌గున్యా వచ్చి ఉంటే కీళ్ళ నొప్పులు నెలలపాటు ఉండొచ్చు. గురక పెడతారా, నిద్ర లేవగానే తలనొప్పా అన్నది ఇంట్లోవాళ్ళని అడగండి. నిద్రలో ఊపిరి ఆగే సమస్యకు అవి గుర్తులు. మన వాళ్ళు గురకను జబ్బుగా చూడరు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఒళ్ళంతా నొప్పులు మూడు నెలలకు పైగా ఉంటే ఫైబ్రోమయాల్జియా అనే దీర్ఘకాలిక నొప్పుల జబ్బు పేరు వినిపించొచ్చు. అందులో రక్త పరీక్షలు, స్కాన్లు నార్మల్‌గానే వస్తాయి. నరాల వ్యవస్థ నొప్పి సంకేతాలను పెద్దవి చేసి చూపిస్తుంది, అంతేగానీ మీరు ఊహించుకుంటున్నారని కాదు. దానికి మందుల కంటే నెమ్మదిగా పెంచుకుంటూ పోయే వ్యాయామానికే గట్టి ఆధారాలున్నాయి. నేను లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో పది నిమిషాలతో మొదలుపెట్టాను. (అమృతాంజనం బామ్ తయారుచేసిన పంతులుగారి పేరు మీద ఉన్న పార్కులో తలనొప్పి తగ్గడానికి నడవడం, చూడండి!) అయితే ఒక మెలిక ఉంది. కాస్త శ్రమ పడితే మర్నాడో, ఆ మర్నాడో మంచం దిగలేనంతగా కుప్పకూలిపోయేవాళ్ళకు ఈ సలహా చెల్లదు. అది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (ఎంఈ) అనే వేరే జబ్బు కావొచ్చు, అందులో బలవంతపు వ్యాయామం హాని చేస్తుంది. వైద్య మార్గదర్శకాలు తయారుచేసే బ్రిటన్ నైస్ సంస్థ 2021లో ఆ జబ్బు మార్గదర్శకాల నుంచి వ్యాయామం పెంచుకుంటూ పోయే సలహాను తీసేసింది కూడా. కాబట్టి నడిచిన రోజు ఎలా ఉందో కాదు, నడిచిన రెండో రోజు ఎలా ఉందో క్యాలెండర్‌లో రాయండి.

ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సినవి వేరే ఉన్నాయి: క్షణాల్లో ఎప్పుడూ లేనంత తీవ్రంగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పడం, చూపు పోవడం, తలకు దెబ్బ తగిలాక పెరుగుతున్న నొప్పి. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పినీ తేలిగ్గా తీసుకోకూడదు. అది మీకు కాదు గానీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఉపయోగం.

ఇంకో డాక్టర్ కావాలా అంటే, కావాలి, కానీ ఒక్కరే, న్యూరాలజిస్టు, ప్రతి నెలా మళ్ళీ వాళ్ళ దగ్గరికే. డబ్బు ఇబ్బందైతే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. పొద్దున్నే వెళ్ళాలి, సగం పూట సెలవు పెట్టుకోండి. క్యాలెండర్, వాడుతున్న స్ట్రిప్పులన్నీ (ఖాళీవి కూడా), పాత రిపోర్టులు ఒక సంచిలో తీసుకెళ్ళండి. ఉన్న ఎమ్ఆర్ఐ ఫిల్మ్ కూడా అందులోనే పెట్టండి, మళ్ళీ తీయించే పని తప్పుతుంది. తమిళం రాకపోతే నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో ముందే నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాసుకోండి. క్యూలో నిలబడి ఉన్నప్పుడు అన్నీ గుర్తుకొస్తాయి, లోపలికి వెళ్ళాక ఒక్కటీ రాదు.