రెటీనా ఆపరేషన్ అయ్యాక స్కాన్‌లో నీరు కనిపిస్తే మళ్లీ ఊడినట్టేనా?

ప్రశ్న: నా వయసు 31. చిన్నప్పటి నుంచీ మైనస్ 8 అద్దాలు వాడుతున్నాను. రెండున్నర నెలల క్రితం కుడి కంట్లో రెటీనా ఊడిందని బకిల్ ఆపరేషన్ చేశారు. చూపు కొంత వచ్చింది కానీ తలుపు అంచులు, గచ్చు మీది గడులు వంకరగా కనిపిస్తున్నాయి. మొన్న చెకప్‌లో ఓసీటీ స్కాన్ (కాంతితో రెటీనా పొరలను చూపే పరీక్ష) తీస్తే, అందులోని ఏఐ ఎర్ర రంగు వేసి రెటీనా కింద నీరుందని చూపించింది. మా డాక్టర్‌గారు కంగారు లేదు, చూద్దామన్నారు. ఇంటికొచ్చి ఆ రిపోర్టును ఫొటో తీసి ఫోన్‌లోని ఏఐ యాప్‌లో పెడితే రెటీనా మళ్లీ ఊడింది, వెంటనే ఆపరేషన్ చేయించుకోమని వచ్చింది. అప్పట్నుంచి నిద్ర లేదు. ఎవరి మాట వినాలి?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీ డాక్టర్‌గారి మాట వినండమ్మా. మీరు పంపిన రెండు రిపోర్టులూ చూశాను. ఆపరేషన్ అయిన నెలకు తీసిన దాంట్లో నీటి మందం 160 మైక్రాన్లు, మొన్నటి దాంట్లో 95. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అంటే నీరు ఉంది, కానీ తగ్గుతోంది. మీ యాప్‌కు ఈ రెండో సంగతి తెలియదు. మీకు ఆపరేషన్ అయిందన్న విషయమైనా తెలుసో లేదో!

రెటీనా అంటే కంటి లోపల వెనక గోడకు అంటుకుని కాంతిని పట్టే పలచటి పొర. దాంట్లో చిల్లు పడితే కంట్లోని ద్రవం దానిగుండా కిందికి చేరి పొరను పైకి లేపేస్తుంది. బకిల్ ఆపరేషన్‌లో కంటి గోడకు బయటి నుంచి సిలికాన్ పట్టీ కుట్టి, ఆ చిల్లును మూస్తారు. చెరువుకు గండి పూడ్చాక కూడా పొలంలో చేరిన నీరు ఇంకడానికి కొన్నాళ్లు పడుతుంది కదా, ఇదీ అంతే. సరిగ్గా చూపు కేంద్రమైన మాక్యులా కింద పలచగా మిగిలిన నీరు బకిల్ తర్వాత కొందరిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా కూడా ఉంటుంది. చాలామందిలో దానంతటదే ఇంకిపోతుంది. గీతలు వంకరగా కనిపించడానికి ఎక్కువగా అదే కారణం. దానికోసం మళ్లీ కత్తి పట్టాల్సిన పని సాధారణంగా ఉండదు.

అలాగని ఏఐని తీసిపారేయడం లేదు. ఇలాంటి కేసుల్లో నాకు అది నిజంగా పనికొస్తుంది. పదుల కొద్దీ స్కాన్ ముక్కల్లో ఎక్కడెక్కడ నీరుందో కంటితో చూసి లెక్కగట్టడం కష్టం. ప్రోగ్రామ్ క్షణాల్లో కొలిచి, పాత స్కాన్‌తో పోల్చి ఇంత తగ్గిందని చెబుతుంది. కాంతిని పట్టుకునే కణాల గీత తెగకుండా ఉందా, తెగిందా అన్నది గుర్తించేలా కూడా ప్రోగ్రామ్‌లు తయారవుతున్నాయి. ఆ గీత నిలబడితే చూపు మెరుగయ్యే అవకాశం ఎక్కువ. అయితే ఎంత చూపు వస్తుందో స్కాన్ చూసి ముందే చెప్పే ఏఐ ప్రయత్నాలు ఇంకా చాలావరకు పరిశోధనల దశలోనే ఉన్నాయి. వాటిని బట్టి ఆశ పెంచుకోవద్దు, వదులుకోవద్దు.

ఏఐ ఎంత మంచిదైనా దానికి నేర్పిన చిత్రాల వరకే దాని తెలివి. 2018లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి, గూగుల్‌కు చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్ కలిసి చేసిన ప్రోగ్రామ్ ఓసీటీ స్కాన్లను నిపుణులతో సమానంగా చదివింది. అదే ప్రోగ్రామ్‌కు మరో కంపెనీ మెషిన్‌తో తీసిన స్కాన్లు ఇస్తే దాదాపు సగం కేసుల్లో తప్పు చెప్పింది. ఆ మెషిన్ చిత్రాలతో మళ్లీ నేర్పాకే దారిలో పడింది. అంత పకడ్బందీగా చేసిన దానికే ఆ తేడా వస్తే, ట్యూబ్‌లైట్ మెరుపు పడిన ప్రింటును ఫోన్‌తో ఫొటో తీసి పెడితే ఏమవుతుందో ఆలోచించండి. పైగా 2018లోనే అమెరికాలో అనుమతి పొందిన కంటి ఏఐ షుగర్ ఉన్నవాళ్ల రెటీనా పరీక్షకు, ఆపరేషన్ అయిన కంటికి కాదు. బకిల్ నొక్కిన చోట కనిపించే గట్టు, చిల్లు అతుక్కునేలా గడ్డకట్టించిన చోట పడే క్రయో మచ్చలు, కొందరికి కంట్లో నింపే సిలికాన్ ఆయిల్ లేదా గ్యాస్ వల్ల వచ్చే మెరుపులు... ఇవి నేర్పని ప్రోగ్రామ్‌కు అన్నీ జబ్బులాగే కనిపించవచ్చు.

నాకు ఎక్కువ భయం వేసేది దీనికి తిరగేసి జరిగినప్పుడు. మామూలు ఓసీటీ మాక్యులా చుట్టూ 6 మిల్లీమీటర్ల మేర మాత్రమే చూస్తుంది. రెటీనా మళ్లీ ఊడితే చాలాసార్లు అంచుల నుంచే మొదలవుతుంది. అంటే స్కాన్ నార్మల్, ఏఐ పచ్చరంగు చూపిస్తుంది, అంచున మాత్రం పొర లేస్తూ ఉంటుంది! అందుకే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, తలకు లైటు పెట్టుకుని, కంటి గోడను మెల్లగా నొక్కుతూ అంచుల దాకా చూసే పరీక్ష తప్పదు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఆ రోజు బండి నడపలేరు. అయినా వద్దనకండి.

రోజూ ఒక్కో కన్ను మూసి అదే తలుపు అంచును చూడండి. వంకర తగ్గుతుంటే మంచిదే. కొత్తగా మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కలు, పక్క నుంచి పరదా దిగుతున్నట్టు నీడ, ఉన్న చూపు తగ్గడం, గట్టి నొప్పి – వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, అది ఆదివారమైనా సరే. యాప్‌ను అడుగుతూ కూర్చోవద్దు. తర్వాతి స్కాన్ కూడా అదే మెషిన్ మీద తీయించుకోండి, పాత ఫైల్ తీసుకెళ్లండి. అప్పుడే 95 ఎంతకు దిగిందో నమ్మకంగా తెలుస్తుంది. బకిల్ వల్ల మైనస్ కొంత పెరుగుతుంది కాబట్టి, పవర్ స్థిరపడిందని డాక్టర్‌గారు చెప్పాకే కొత్త అద్దాలు చేయించుకోండి.

ఇంకో మాట. మీ ఉత్తరంలో ఎడమ కన్ను ఊసే లేదు. మైనస్ 8 ఉన్నవాళ్లకు రెండో కంట్లోనూ అంచుల్లో పొర పలచబడి ఉండే అవకాశం ఎక్కువ. తర్వాతి చెకప్‌లో దానికి కూడా చుక్కలు వేసి చూడమని మీరే అడగండి. చిల్లు కనిపిస్తే ఊడకముందే లేజర్‌తో చుట్టూ అతికించవచ్చు.