హెడ్‌సెట్‌కి ఏ బ్లూటూత్ చిప్ మంచిదని అడిగారు, ముందు మైక్ సంగతి చూడండి

ప్రశ్న ఇది: బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుగా జూమ్, మీట్ కాల్స్‌కి పనికొచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్ సొంతంగా చేద్దామనుకుంటున్నాం, ఏ బ్లూటూత్ చిప్ వాడితే గొంతు క్లియర్‌గా వస్తుంది?

చిప్ ఒక్కదాని వల్లే గొంతు క్లియర్‌గా రాదండీ. హెడ్‌సెట్ చెడేది మైక్ దగ్గర, మైక్‌కి ఇచ్చే కరెంటు దగ్గర, డబ్బా లోపలి గాలి సందుల దగ్గర. అయినా అడిగారు కాబట్టి చిప్ సంగతి ముందు తేల్చేద్దాం.

ఈఎస్‌పీ32 (బ్లూటూత్ ఉన్న చిప్) తీసుకుంటే పాత, అసలు ఈఎస్‌పీ32నే తీసుకోండి. ఎస్3, సీ3 కొత్తవి కదా, ఇంకా బాగుంటాయని కొంటారు. వాటిలో క్లాసిక్ బ్లూటూత్ (పాత రకం) లేదు, బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే రకం) ఒక్కటే ఉంది. ల్యాప్‌టాప్ మామూలుగా హెడ్‌సెట్‌తో మాట్లాడేది హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్ (బ్లూటూత్‌లో కాల్స్ నడిపే పద్ధతి) మీద, దానికి క్లాసిక్ కావాల్సిందే. బోర్డు చేతికొచ్చాక ఈ సంగతి తెలిస్తే డబ్బులు, నెల రోజులు రెండూ పోతాయి. కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్5340 రెండు తీసుకోండి. ఒకటి హెడ్‌సెట్‌లో, రెండోది ల్యాప్‌టాప్‌కి గుచ్చే యూఎస్‌బీ డాంగిల్‌గా. డాంగిల్ ల్యాప్‌టాప్‌కి మామూలు యూఎస్‌బీ సౌండ్‌కార్డులా కనిపిస్తుంది, రెండు చివరలూ మీ చేతిలో ఉంటాయి, ఎల్‌సీ3 అనే కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) మీద గొంతు నడపొచ్చు. నా ఓటు దీనికే. కాల్ సెంటర్లలో డాంగిల్ హెడ్‌సెట్లు ఊరికే వాడరు.

రెండు చివరలూ చేతిలో ఉండటం ఎందుకు ముఖ్యమో చూడండి. హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్‌లో పాత కోడెక్ సీవీఎస్‌డీ. సెకనుకి 8,000 శాంపిళ్లు (శబ్దం కొలతలు), అందులో సగం దాకానే శబ్దాన్ని పట్టగలదు, అంటే 4 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. 2011లో వచ్చిన 1.6 వెర్షన్‌తో ఎంఎస్‌బీసీ వచ్చింది, శాంపిళ్లు 16,000 అయ్యాయి. అయితే అవతలి పరికరం ఒప్పుకుంటేనే అది నడుస్తుంది, లేకపోతే చప్పుడు లేకుండా సీవీఎస్‌డీకి జారిపోతుంది. మన 'స' లోని ఆ సన్నటి గాలి శబ్దం ఎక్కువగా 4 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది. అందుకే ఫోన్‌లో పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు 'ఎస్', 'ఎఫ్' కలిసిపోయి మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది. జూమ్, మీట్ లాంటివి గొంతుని ఎంత మంచి కోడెక్‌తో పంపినా, హెడ్‌సెట్ దగ్గరే 4 కిలోహెర్ట్జ్‌కి కోసేస్తే మిగతా దారంతా వృథా. పాట వింటుంటే బ్రహ్మాండంగా ఉండి, కాల్ ఎత్తగానే గొంతు పాత ల్యాండ్‌లైన్‌లా మారిపోవడం కూడా ఇందుకే. పాటల ప్రొఫైల్ ఒకవైపే నడుస్తుంది, మైక్ తెరవగానే పరికరం హ్యాండ్స్‌ఫ్రీకి మారుతుంది. జనం మాత్రం నెట్‌ని తిట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. మొదటి బోర్డులు దాదాపు అన్నీ ఒకే రకంగా ఏడుస్తాయి. స్పీకర్‌లో అవతలి గొంతు బాగానే వినిపిస్తుంది. అవతలివాళ్లకి మాత్రం మీ మాట వెనక "గుర్‌ర్‌ర్" అని తుమ్మెద తిరుగుతున్నట్టు ఒక రొద. కాల్ కనెక్ట్ అయిన క్షణంలో మొదలవుతుంది, కట్ అవగానే ఆగిపోతుంది. చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్ నాయిస్ రిడక్షన్‌తో కప్పేయాలని చూస్తారు. కప్పకండి, అది ఎక్కడినుంచి వస్తుందో అదే చెబుతుంది, వినాలి.

రొదని ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గీత) తీయండి. 133 హెర్ట్జ్ దగ్గర ఒక ముల్లు, 267 దగ్గర ఒకటి, 400 దగ్గర ఇంకొకటి కనిపిస్తే అనుమానం అక్కర్లేదు, అది మీ రేడియోనే. ఎంఎస్‌బీసీ కాల్‌లో ప్యాకెట్లు 12 స్లాట్లకి ఒకసారి వెళ్తాయి. స్లాట్ అంటే బ్లూటూత్ లెక్కలో 625 మైక్రోసెకన్ల ముక్క, పన్నెండు కలిపితే 7.5 మిల్లీసెకన్లు, సెకనుకి 133 సార్లు. ఆరు స్లాట్లకి ఒకసారి వెళ్లే లింకైతే ముళ్లు 267 నుంచే మొదలవుతాయి. హ్యాండ్స్‌ఫ్రీ కాల్‌లో 50, 100 దగ్గర ముల్లుంటే రేడియో కాదు, ఛార్జర్ అడాప్టర్‌ని చూడాలి. ఎల్‌సీ3 లింకు 10 మిల్లీసెకన్లకి ఒకసారి నడుస్తుంటే మాత్రం 100 దగ్గరి ముల్లు రేడియోదే కావచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. రేడియో ఆన్ అయిన ప్రతిసారీ కరెంటు 30 మిల్లీయాంప్ పెరిగిందనుకోండి (ఈఎస్‌పీ32లో ఇంకా ఎక్కువే). బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్, ప్రొటెక్షన్ సర్క్యూట్, సన్న వైరు అన్నీ కలిపి 0.3 ఓం. అంటే సప్లై 9 మిల్లీవోల్టులు ఊగుతుంది. మరి మైక్ ఇచ్చేదెంత? మైనస్ 42 డీబీ సెన్సిటివిటీ ఉన్న ఎలక్ట్రెట్ మైక్ (కరెంటు ఇస్తేనే పనిచేసే చిన్న అనలాగ్ మైక్) 94 డీబీ శబ్దానికి 8 మిల్లీవోల్టులు ఇస్తుంది. పెదాలకి 25 మిల్లీమీటర్ల దూరంలో మామూలు మాట సుమారు 89 డీబీ ఉంటుంది, అంటే 4.5 మిల్లీవోల్టులు. ఊగే సప్లై మీ గొంతుకి రెట్టింపు ఉంది! ఎలక్ట్రెట్‌కి 2.2 కిలోఓంల రెసిస్టర్‌తో నేరుగా ఆ సప్లై నుంచే బయాస్ (మైక్ నడవడానికి కావాల్సిన కరెంటు) ఇస్తే ఆ ఊపు దాదాపు మొత్తం మైక్ సిగ్నల్‌లోకి దిగిపోతుంది. మైక్ లోపలి ఫెట్ (చిన్న ట్రాన్సిస్టర్) దాన్ని అడ్డుకోదు.

మందు ఇది. సప్లైకీ ఆ 2.2 కిలోఓంల రెసిస్టర్‌కీ మధ్య ఇంకో 1 కిలోఓం పెట్టి, రెండూ కలిసే చోట 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ గ్రౌండ్‌కి దించండి. 16 హెర్ట్జ్ నుంచే వడకట్టడం మొదలవుతుంది, 133 దగ్గరికి వచ్చేసరికి ఊపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. చాలకపోతే ఇలాంటిదే ఇంకో మెట్టు కట్టండి, లేదా మైక్ కోసం విడిగా ఒక చిన్న లో-నాయిస్ రెగ్యులేటర్ పెట్టండి. గ్రౌండ్‌ని కూడా వదలకండి. మైక్ గ్రౌండ్ వైరు రేడియో, ఛార్జర్ కరెంటు వెళ్లే దారిలో కలవకూడదు. కోడెక్ చిప్ (మైక్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది) గ్రౌండ్ పిన్ దగ్గరికి విడిగా వెళ్లాలి.

ఇవన్నీ చేసినా రొద మిగిలితే, మైక్ ఊడదీసి ఆ స్థానంలో 2.2 కిలోఓంల రెసిస్టర్ అతికించి మళ్లీ కాల్ చేయండి. రొద అలాగే ఉంటే తప్పు సప్లైది, గ్రౌండ్‌ది. రొద పోతే, యాంటెనా నుంచి వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మైక్ వైర్ల మీదుగా లోపలి ఫెట్‌లోకి దూరి, ఆన్-ఆఫ్ చప్పుడుగా మారుతోందని అర్థం. అప్పుడు మైక్ రెండు కాళ్లకి అడ్డంగా, మైక్‌కి ఆనించి, 10 పికోఫారడ్ 0402 సైజు (మిల్లీమీటరు పొడవు) కెపాసిటర్ పెట్టాలి. ఒక సెంటీమీటర్ దూరం జరిగినా ఉపయోగం ఉండదు. పెద్ద కెపాసిటర్ పెడితే ఇంకా మంచిదనుకోకండి, 100 నానోఫారడ్ కెపాసిటర్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కెపాసిటర్‌లా పనిచేయదు.

ఈ తంటా అంతా తగ్గాలంటే పీడీఎం డిజిటల్ మెమ్స్ మైక్ (సిలికాన్ చిప్ మీద చేసిన చిన్న మైక్) వాడండి. అనలాగ్ భాగమంతా మైక్ రేకు డబ్బా లోపలే ఉంటుంది, బయటికి వచ్చేవి ఒకట్లూ సున్నాలే. క్లాక్ ఒక వైరు, డేటా ఒక వైరు, రెండు మైకులు పెట్టినా డేటా వైరు ఒకటే చాలు. మైక్ పక్కనే 100 నానోఫారడ్, క్లాక్ బయల్దేరే చోట 47 ఓం వరుసగా. టంకం వేసేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. మైక్ రంధ్రంలోకి ఫ్లక్స్ వెళ్లినా, బోర్డుని అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో ముంచినా, గాలి కొట్టి దుమ్ము దులిపినా లోపలి పొర దెబ్బతింటుంది. పైకి ఏమీ తెలియదు, గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. టంకానికి ముందే రంధ్రం మీద క్యాప్టన్ టేపు ముక్క అతికించండి.

మైక్‌ని చెవి కప్పులో దాచి, అల్గారిథమ్‌తో లాక్కొస్తామనేవాళ్లతో నాకు గట్టి పేచీ ఉంది. పెదాలకి 2 సెంటీమీటర్ల దగ్గరున్న మైక్‌ని 12 సెంటీమీటర్లకి తీసుకెళ్తే గొంతు 15 డీబీ పడిపోతుంది. పక్కింటి మిక్సీ, ఫ్యాను, వీధిలో హారన్ మాత్రం తగ్గవు. పోగొట్టుకున్న 15 డీబీని తిరిగి తేవడానికి రెండు మైకులు, బీమ్‌ఫార్మింగ్ (ఒక దిక్కు శబ్దాన్నే ఏరుకోవడం) అంటూ నెలలు పోతాయి. పది రూపాయల ప్లాస్టిక్ గొట్టంతో మైక్‌ని నోటి దగ్గరికి తెస్తే మొదటి రోజే ఆ పని అయిపోతుంది. నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకి పక్కగా పెట్టండి. పరీక్షకి "భలే ఫలం, ధాన్యం, ఖర్చు" లాంటి ఒత్తు మాటలు చదవండి. ధబ్ ధబ్‌మని గాలి కొడితే ఇంకాస్త పక్కకి జరపండి, స్పాంజి తొడగండి, 120 హెర్ట్జ్ కింద కోసేయండి.

అవతలివాళ్లు "నా గొంతు నాకే వినిపిస్తోంది" అంటే తప్పు వాళ్లది కాదు, మీ హెడ్‌సెట్‌ది. స్పీకర్ శబ్దం డబ్బా లోపలి గాలిలోంచే మైక్‌కి చేరుతోంది. మైక్ రంధ్రానికీ డబ్బా రంధ్రానికీ మధ్య మెత్తటి సిలికాన్ వాషర్ నొక్కి కూర్చోవాలి, వెంట్రుక వాసి సందు కూడా ఉండకూడదు. పరీక్ష తేలిక. స్పీకర్‌లో 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి మైక్ లెవల్ రాసుకోండి, తర్వాత బయటి రంధ్రాన్ని పుట్టీతో మూసి మళ్లీ చూడండి. లెవల్ బాగా పడిపోవాలి. అంతే ఉంటే శబ్దం లోపలి దారినే వస్తోంది, వాషర్ విప్పి మళ్లీ పెట్టాలి.

స్పీకర్ విషయంలో ఒక ప్రమాదం చెప్పాలి. ఈఎస్‌పీ32 ప్రాజెక్టుల్లో మ్యాక్స్98357ఏ యాంప్లిఫయర్ బోర్డు బాగా వాడతారు. అది 4, 8 ఓంల స్పీకర్ల కోసం చేసింది. 32 ఓంల హెడ్‌ఫోన్ డ్రైవర్‌కి 1 మిల్లీవాట్ అంటే 0.18 వోల్టులే, ఆ కాస్తకే చాలా డ్రైవర్లు 100 డీబీ దాకా వినిపిస్తాయి. 3.3 వోల్టుల మీద ఆ యాంప్లిఫయర్ 150 మిల్లీవాట్లకి పైగా తోయగలదు. సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్ బగ్ ఒక్కటి వస్తే చెవికి శాశ్వతంగా హాని జరుగుతుంది. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఉన్న కోడెక్ చిప్ వాడండి. ఆ బోర్డే గతి అయితే డ్రైవర్‌కి వరుసగా 330 ఓంల రెసిస్టర్ పెట్టకుండా చెవికి పెట్టుకోకండి.

ఛార్జింగ్‌కి టీపీ4056 బోర్డు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా ఇస్తారు. దాని మీద ఛార్జింగ్ కరెంటుని నిర్ణయించే 1.2 కిలోఓంల రెసిస్టర్ ఉంటుంది, అంటే 1 యాంప్. మీ 300 మిల్లీయాంప్-అవర్ సెల్‌కి అది మూడు రెట్లు ఎక్కువ. ఆ రెసిస్టర్ పీకి 10 కిలోఓంలు వేయండి, 130 మిల్లీయాంప్‌కి దిగుతుంది. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. రెంటచింతల, రామగుండం ఎండాకాలంలో బయటి వేడే ఆ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, సెల్‌కి ఆనించి 10 కిలోఓంల థర్మిస్టర్ (వేడిని కొలిచే రెసిస్టర్) తప్పకుండా పెట్టండి. ఇది చెవి పక్కన ఉండే వస్తువు. యూఎస్‌బీ-సీ సాకెట్ పెడితే రెండు సీసీ పిన్‌లకి (అవతల ఏం తగిలించారో కనిపెట్టే పిన్‌లు) విడివిడిగా రెండు 5.1 కిలోఓంల రెసిస్టర్లు ఉండాలి. ఒకదాంతో సరిపెట్టాలని రెండు పిన్‌లూ కలిపేస్తే కొన్ని కేబుళ్లతో ఛార్జ్ కాదు. 2019లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై 4 మొదటి బోర్డుల్లోనే ఈ పొరపాటు జరిగింది.

యాంటెనా గురించి ఎక్కువ చెప్పను. మాడ్యూల్ యాంటెనా భాగం బోర్డు అంచుకి రావాలి, చుట్టూ 15 మిల్లీమీటర్ల దాకా రాగి, బ్యాటరీ, స్పీకర్ అయస్కాంతం ఉండకూడదు, తలకి దూరంగా బయటివైపు ఉండాలి. పరీక్ష గదిలో చేయకండి, గోడలు సిగ్నల్‌ని తిప్పి పంపి మిమ్మల్ని మోసం చేస్తాయి. కుడి చెవి వైపు బోర్డు, ఎడమ జేబులో ఫోన్ పెట్టుకుని కాలేజీ గ్రౌండ్ మధ్యలో నిలబడి మాట్లాడండి. ఒళ్లు అడ్డం వచ్చినా మాట తెగకపోతే యాంటెనా బాగున్నట్టు. డాంగిల్ చేస్తే దాన్ని యూఎస్‌బీ 3 పోర్టు పక్కన గుచ్చకండి, పక్క పోర్టులో హార్డ్‌డిస్క్ ఉంటే ఆ రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది. అర మీటరు ఎక్స్‌టెన్షన్ వైరు చాలు.

బోర్డు ఆర్డర్ పెట్టేముందు డిజిటల్ మైక్‌కీ, ఎలక్ట్రెట్‌కీ రెండింటికీ ప్యాడ్లు వేసుకోండి. మాడ్యూల్ కాకుండా సొంత యాంటెనా వేస్తే దాని దారిలో సర్దుబాటుకి మూడు ఖాళీ ప్యాడ్లు, మైక్ సప్లైలో ఒక జీరో ఓం లింకు పెట్టుకోండి. రొద వచ్చిన రోజు ఆ లింకు పీకి, బయటి బ్యాటరీతో మైక్‌కి కరెంటు ఇచ్చి చూస్తే తప్పు ఎటువైపు ఉందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.